ముప్పై ఏడు సెకన్లు

"నువ్వు టైము మనిషివి కదా, నీకిది చిటికెలో పని," అన్నాడు మా ఆయన, వాళ్ళమ్మ కంటిచుక్కల టైముల పట్టీని ఫ్రిజ్ తలుపుకి అంటిస్తూ.

అత్తయ్య కుడికంటికి శుక్లం ఆపరేషను అయి అప్పటికి మూడో రోజు. రెండు రకాల చుక్కలు. ఒకటి రెండు గంటలకోసారి, రెండోది నాలుగు గంటలకోసారి, రెండూ కలిసి వచ్చినప్పుడు మధ్యలో ఐదు నిమిషాల ఎడం. వేసేముందు చేతులు కడుక్కోవాలి, సీసా మూతి రెప్పకి తగలకూడదు, వేశాక పట్టీలో టిక్కు పెట్టాలి. సాయంత్రం అతను వచ్చి ముందు టిక్కులు చూస్తాడు, ఆ తర్వాత వాళ్ళమ్మని చూస్తాడు. సెలవు ఎవరు పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, "నాది సీట్లో ఉండి చేసే పని. నీది ఎక్కడైనా చేసుకోవచ్చు," అన్నాడు. ఎక్కడైనా చేసుకోగలిగే పని అంటే అసలు పనే కాదని అర్థం. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ మాత్రం నాకు తెలిసింది. నాలుగు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని రాసి పంపాను. ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టుకున్నాను. అత్తయ్య గదిలోంచి పిలిస్తే వినపడేది అక్కడికే.

నా పని గురించి చెబితే జనం నవ్వుతారు, అయినా చెబుతాను. మా ఆఫీసు ఉపగ్రహాల్ని చూసుకుంటుంది. పైన తిరిగే ఒక్కో వస్తువు ఎప్పుడు ఎక్కడుంటుందో లెక్క కట్టడం అక్కడ అందరి పనీ. అందులో ఆ 'ఎప్పుడు' సంగతి చూడడం నా ఒక్కదాని పని. ఎందుకంటే టైము ఒక్క రకం కాదు. అణు గడియారాలు చెప్పే అటామిక్ టైము ఒకటుంది. దానికి ఎవరితోనూ నిమిత్తం లేదు, ఆగదు, తడబడదు. మన గోడ గడియారం టైము అలా కాదు, అది భూమితో కలిసి నడవాలి. భూమి నడక ఎప్పుడూ ఒక్కలా ఉండదు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు దారిలో ఆగి ఆగి నడుస్తారే, అలా మన టైముని కూడా అప్పుడప్పుడూ ఒక్క సెకను పట్టి ఆపుతారు. మొదట్లో ఉన్న తేడాతో కలిపి ఇప్పటికి అటామిక్ టైము కంటే మన టైము ముప్పై ఏడు సెకన్లు వెనకుంది. గ్రహాల లెక్కలు కట్టేవాళ్ళ టైము మరొకటి, అది అటామిక్ టైము కంటే ఇంకో ముప్పై రెండు సెకన్ల పైచిలుకు ముందుంటుంది. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే ప్రోగ్రాము రాసింది నేను, పదకొండేళ్ళుగా దాన్ని చూసుకుంటున్నదీ నేనే. ఆఫీసులో నా పేరు సెకనమ్మ. మా ఆడపడుచు భర్త ఒకసారి నలుగురిలో, "సెకన్లు లెక్కపెట్టడానికి కూడా జీతాలిస్తున్నారా," అని అడిగాడు. మా ఆయన కూడా నవ్వాడు. పైన తిరిగేవి ఒక్క సెకనులో ఏడున్నర కిలోమీటర్లు పోతాయని, ముప్పై ఏడు సెకన్లంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రాత్రి బస్సు ఎక్కేంత దూరమని చెప్పొచ్చు. చెప్పలేదు, అందరికీ మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళాను.

ఆ ప్రోగ్రాముకి నేనొక అలవాటు నేర్పాను. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలు నెత్తిన, ఇది ఫలానా టైములో రాసింది అని ఒక మాట ఉండాలి. ఆ మాట లేకపోతే ప్రోగ్రాము కదలదు. ఏ టైమో చెప్పమని అడిగి అక్కడే కూర్చుంటుంది. అప్పుడు పంపినవాళ్ళకి మెయిల్ రాసి, జవాబు కోసం చూడాలి, గంటో రెండు గంటలో పోతుంది. దాంతో అందరికీ చిరాకు. ఆరు నెలల కిందట మీటింగులో ఈ సంగతి వచ్చింది. మా ఆయనదీ ఇదే ఆఫీసు, ఉపగ్రహాల దారులు చూసే జట్టుకి హెడ్డు. అతనే లేచి, నవ్వుతూ, "ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని గుమ్మం దాటాక మూడుసార్లు వెనక్కి వస్తుంది. ప్రోగ్రాము కూడా అచ్చం అలాగే రాసింది, ఏం చెయ్యమంటారు," అన్నాడు. ఇరవై రెండు మంది నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే, నేనూ నవ్వడం. నెత్తిన మాట లేకపోతే మామూలు గోడ గడియారం టైము అనుకుని ముందుకు పోవాలని తీర్మానం అయింది. ఆ లైను మార్చింది నేనే. మార్చినవాళ్ళ పేరు ఉండాల్సిన చోట నా పేరే ఉంది. వద్దని నేను చెప్పిన సంగతి మాత్రం ఎక్కడా లేదు, ఎందుకంటే అది చెప్పింది ఇంట్లో, కూరగాయలు తరుగుతూ. "పొద్దస్తమానం ఆఫీసే, ఇంటికొచ్చినా ఆఫీసేనా," అన్నాడు. అక్కడితో అయిపోయింది.

ఆ రోజు పన్నెండు గంటల చుక్కలు వేసి, అత్తయ్యకి భోజనం పెట్టి, గిన్నెలు సింకులో పడేసి మెయిళ్ళు తెరిచాను. అంతకుముందు రోజు నుంచి ఆఫీసంతా ఒకే కంగారు. తుఫానుల్ని కనిపెట్టి సముద్రం మీదున్న ఓడలకి కబురందించే ఉపగ్రహం ఒకటి మా చేతిలో ఉంది. ఎప్పుడో చచ్చిపోయి ఊరికే తిరుగుతున్న ఓ పాత ఉపగ్రహం దానికి అడ్డం వస్తోంది. సాయంత్రం ఐదు ఇరవై ఒకటికి రెండూ ఒకే చోటికి చేరతాయని హెచ్చరిక. అందుకని మావాళ్ళు రాత్రికి రాత్రే ప్లాను సిద్ధం చేశారు. మధ్యాహ్నం మూడూ నలభైకి మాది మా యాంటెన్నా మీదుగా వెళుతుంది. అప్పుడు కమాండు పంపిస్తే నాలుగున్నరకి దాని ఇంజను కాసేపు మండి, దారి తప్పించి పక్కకి జరుపుతుంది. ఆ మూడూ నలభై దాటితే ఇక చేసేదేం లేదు, అది మళ్ళీ మాకు అందేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

మా ఆయన పంపిన మెయిల్లో ఏముందంటే, పొద్దున కొత్త ఫైలు వచ్చింది. బయటి అబ్జర్వేటరీ ఒకటి ఆ పాత ఉపగ్రహాన్ని లేజరుతో కొలిచి పంపింది, నిన్నటి లెక్క కంటే ఎన్నో రెట్లు కచ్చితమైంది. దాని ప్రకారం అది మా ఉపగ్రహానికి రెండొందల కిలోమీటర్ల దూరం నుంచి పోతుంది. కనుక జరపడం రద్దు, ఇంధనం ఆదా. కింద డైరెక్టరు మా ఆయన పేరు రాసి శభాష్ అన్నాడు. ఆ కింద పదహారు మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. నాకూ సంతోషమే వేసింది, అబద్ధమెందుకు. సాయంత్రం మంచి మూడ్‌లో వస్తాడు, ఆదివారం మా అమ్మని చూసొస్తానని అడగొచ్చు అనుకున్నాను.

ఊరికే, అలవాటు కొద్దీ, రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. నిన్నటి దాంట్లో పాతది ఆ చోటికి వచ్చే టైము ఐదు ఇరవై ఒకటి మీద ఎనిమిది సెకన్లు. ఇవాళ్టి దాంట్లో ఐదు ఇరవై ఒకటి మీద నలభై ఐదు సెకన్లు. నలభై ఐదులోంచి ఎనిమిది తీస్తే ఎంతో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఫైలు తెరిచి నెత్తిన చూశాను. ఏ టైమో చెప్పే మాట లేదు.

ఒకటి రెండు సెకన్లు తేడా వస్తే కొలతలో తేడా అనుకోవచ్చు. అరవై వచ్చినా అనుకోవచ్చు. సరిగ్గా ముప్పై ఏడు వస్తే అది నా ఇంటి మనిషి, నేను పోల్చుకోలేకపోవడమంటూ ఉండదు. ఆ ఫైలు అటామిక్ టైములో ఉంటే, మావాళ్ళు దాన్ని మామూలు టైమని చదివారు. పాత ఉపగ్రహం మేమనుకున్న దానికంటే ముప్పై ఏడు సెకన్ల ముందే అక్కడికి వస్తుంది. అంటే నిన్నటి హెచ్చరికే నిజం. రెండూ ఢీకొంటే ముక్కలు ఆ దారి నిండా పరుచుకుంటాయి, తర్వాత వాటి దెబ్బ ఇంకెన్నింటికో తగులుతుంది. తుఫాను కబురు కోసం ఎదురుచూసే ఓడల సంగతి చెప్పనే అక్కర్లేదు.

సిగ్గుపడాల్సిన మాటే, కానీ దాచను. నాకు మొదట భయం వేసింది ఉపగ్రహం గురించి కాదు, మా ఆయన గురించి.

అతను అరవడు. చెయ్యెత్తడు. ఎవర్ని అడిగినా బంగారం లాంటి మనిషి అంటారు. కోపం వస్తే మాట్లాడ్డం మానేస్తాడు, అంతే. ఒకసారి పదకొండు రోజులు మాట్లాడలేదు. అప్పుడు నేను చేసిన తప్పల్లా, వాళ్ళ స్నేహితుల ముందు అతను చెప్పిన ఒక తారీఖుని సరిదిద్దడం. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళ ముందు నాతో చక్కగా మాట్లాడేవాడు, వాళ్ళు వెళ్ళి తలుపు పడగానే ఆపేసేవాడు. నేను వంటింట్లోంచి ఏదైనా అడిగితే గోడ అడిగినట్టే. మూడు రోజులు గడిచేసరికి, నిజంగానే నా నోట్లోంచి మాట బయటికొస్తోందా లేదా అని అనుమానమొచ్చి గట్టిగా దగ్గి చూసుకునేదాన్ని. పదకొండో రోజు పొద్దున ఏమీ జరగనట్టు, "టీ ఉందా," అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. ఆ ఏడుపు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

అందుకని మూడుసార్లు సరిచూసుకున్నాను. నాదే తప్పయి ఉండాలని దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. తప్పయితే నవ్వుతారు, అంతే కదా, నవ్వులు నాకు కొత్త కాదు. ఒప్పయితే ఏమవుతుందో ఊహించడానికే ధైర్యం చాలలేదు. పన్నెండు నలభై మూడుకి అతనికి ఫోను చేశాను.

"చెప్పు. చుక్కలు వేశావా?"

"వేశాను. అది కాదు. పొద్దున వచ్చిన ఫైలు అటామిక్ టైములో ఉందేమోనని అనుమానంగా ఉంది. మనవాళ్ళు మామూలు టైమనుకుని..."

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నిన్నటి దానికీ దీనికీ సరిగ్గా ముప్పై ఏడు సెకన్ల తేడా ఉంది."

అవతల కప్పుల చప్పుడు, ఎవరో అతన్ని అభినందిస్తున్న మాటలు వినపడుతున్నాయి. గొంతు తగ్గించి, "అది లేజరు కొలత. అంతకంటే కచ్చితమైంది ఇంకోటి లేదు," అన్నాడు.

"కొలత తప్పని నేను అనడం లేదు. అది ఏ టైములో రాశారో..."

"సరే, నేను చూస్తాలే. నువ్వు ఎవరికీ మెయిల్ పెట్టకు. నాకు చెప్పావుగా, ఇక నీ బాధ్యత అయిపోయింది."

అయిపోయింది అన్న మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. నెత్తి మీది బరువు దించుకుని అతనికి ఇచ్చేశాను, అతను చూసుకుంటాడు. గిన్నెలు తోముకున్నాను. తోముతున్నంతసేపూ చూస్తాలే అన్నప్పటి గొంతే చెవిలో తిరిగింది. కుళాయి కారుతోందంటే చూస్తాలే అంటాడు. మా అమ్మకి స్కానింగు చేయించాలంటే చూస్తాలే అన్నాడు. ఆ గొంతుకి అర్థమేంటో ఈ ఇంట్లో నాకు తెలియంది కాదు. చేతులు తుడుచుకుని ఆ అబ్జర్వేటరీకి ఒక్క వాక్యం రాసి పంపాను: మీ ఫైలు ఏ టైములో ఉంది? ఎవరికీ మెయిల్ పెట్టకు అన్నది మా ఆఫీసు వాళ్ళ గురించే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒంటిగంట యాభైకి జవాబొచ్చింది. "అటామిక్ టైము. మా ఫైళ్ళన్నీ ఎప్పుడూ అంతే. ఇదివరకు ప్రతిసారీ మీ దగ్గర్నుంచి ఈ ప్రశ్న వచ్చేది. ఈసారి రాలేదేమా అనుకున్నాం."

ఫైలు నెత్తిన ఆ ఒక్క మాట చేర్చి, ప్రోగ్రాముని మళ్ళీ నడిపాను. రెండొందల కిలోమీటర్లు పోయి తొంభై మీటర్లు వచ్చింది. తొంభై మీటర్లంటే మా వీధి మొదటి నుంచి మా గేటు దాకా. అంత వేగంతో పోయేవాటికి అది తగిలినట్టే లెక్క. జవాబూ ఈ లెక్కా కలిపి మా ఆయన ఫోనుకి పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. ఏమీ రాయలేదు.

రెండు గంటల చుక్కలు వేస్తుంటే మొదటిది అత్తయ్య బుగ్గ మీద పడింది. "చెయ్యి వణుకుతోందేమే," అంది ఆవిడ, కళ్ళు మూసుకునే. ఏం లేదన్నాను. తుడిచి మళ్ళీ వేశాను. టిక్కు పెట్టాను. రెండూ ఇరవైకి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి అతను వరండాలోకి వచ్చినట్టున్నాడు, చుట్టూ చప్పుడు లేదు.

"చూశావా?" అన్నాను.

"చూశాను. ఎంత లేజరు కొలతైనా కాస్త అటూ ఇటూ ఉంటుంది. తొంభై అంటే తొంభై అని కాదు. తగలకపోవడానికే ఎక్కువ అవకాశం."

"తగిలితే?"

"నువ్వు ముందు భయపడ్డం తగ్గించు. రద్దు చేసింది నేను, డైరెక్టరు అందరి ముందూ మెచ్చుకుంది నన్ను. ఇప్పుడు వెళ్ళి ఏమని చెప్పను, వంటింట్లోంచి మా ఆవిడ ఫోను చేసింది, మళ్ళీ మొదలుపెడదాం అననా?"

"చెప్పకపోతే ఎలా మరి? మూడూ నలభై దాటితే..."

"ఒక్క మాట చెబుతాను, విను," అన్నాడు. గొంతు చాలా మెత్తగా ఉంది. "మాట లేని ఫైల్ని మామూలు టైము కింద చదవమని లైను మార్చింది ఎవరు? పేరు ఎవరిది? విచారణంటూ వస్తే ముందు అడిగేది ఎవర్ని? నేను నీ కోసమే చెబుతున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం, అప్పటిదాకా ఎవరికీ చెప్పకు." పెట్టేశాడు.

వంటింటి గట్టు పట్టుకుని నిలబడ్డాను. నిజమే కదా, లైను మార్చింది నేనే కదా. నా ఉద్యోగం పోతుంది. నా పేరు పేపర్లో రాదు గానీ, ఆఫీసులో తరతరాలు చెప్పుకుంటారు, సెకనమ్మ అని ఒకావిడ ఉండేది, ఒక్క లైనుతో ఉపగ్రహాన్ని ముక్కలు చేసింది అని. ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే, తగలకపోతే, ఏమీ జరగనట్టే. రేపు పొద్దున టీ పెడతాను, ఎల్లుండి అత్తయ్య కంటి మీది మూత తీస్తారు. ఊరుకోవడం ఎంత సులువో నాకంటే ఎవరికి తెలుసు, పద్నాలుగేళ్ళు చేసిన పని. కానీ కళ్ళు మూసుకుంటే ఆ రెండూ కనిపిస్తున్నాయి, మోత లేకుండా, ఒకదాని మీదికి ఒకటి. అవి నేను నమ్మినా నమ్మకపోయినా వస్తాయి. మా ఆయన పరువుతో వాటికి పని లేదు.

"ఇలా రా ఒకసారి," అని అత్తయ్య పిలిచింది.

వెళ్ళాను. కంటి మీద ప్లాస్టిక్ మూతతో, దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. ఫోనులో మాటలన్నీ విన్నట్టుంది. కళ్ళకి పని లేని మనిషి, చెవులకి రెట్టింపు పని పెట్టుకుంది.

"వాడేమన్నాడు, వద్దన్నాడా?"

"అవునత్తయ్యా."

"నువ్వు చెప్పకపోతే ఏదో పెద్ద నష్టం జరుగుతుందా?"

"జరగొచ్చు."

ఆవిడ చాలాసేపు దుప్పటి అంచు మడతలు పెట్టింది. "మీ మావయ్య కూడా అంతే. ఒకసారి నాతో చలికాలమంతా మాట్లాడలేదు. దేనికో కూడా నాకు గుర్తులేదిప్పుడు. చలి మాత్రం గుర్తుంది," అంది. ఈ మాట ఈ పద్నాలుగేళ్ళలో ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. నేను మంచం అంచున కూర్చున్నాను. ఆవిడ నా ముంజెయ్యి పట్టుకుంది. "చెప్పాల్సినవాళ్ళకి చెప్పుకోమ్మా. నేను వద్దనను. కానీ వాడికి ముందే చెప్పానని మాత్రం అనకు. ఇప్పుడే చూశానని చెప్పు. పనీ అవుతుంది, ఇల్లూ నిలబడుతుంది. వాడి తల దించకు. నీకు దండం పెడతాను."

అలాగేనన్నాను. నిజంగానే అలాగే చేద్దామనుకున్నాను. అంతకంటే మంచి ఉపాయం ఏముంది. దేవతలా కనిపించింది ఆ నిమిషంలో మా అత్తయ్య.

మూడూ నాలుగుకి కంట్రోల్ రూముకి ఫోను చేశాను. షిఫ్టు ఇన్‌ఛార్జి నాకంటే పదేళ్ళు చిన్నది, ఆడపిల్ల. ఆఫీసులో నాతో పెద్దగా పరిచయం లేదు. వరసగా చెప్పాను. ఫైలు అటామిక్ టైములో ఉంది, అబ్జర్వేటరీ జవాబు పంపుతున్నాను, దూరం తొంభై మీటర్లు, రద్దు చేసిన కమాండు మూడూ నలభైకి పంపాలి.

"సార్‌తో ఒకసారి మాట్లాడి చెప్పనా మేడం?" అంది. సార్ అంటే మా ఆయనే.

"ముందు నువ్వు చూడు. ఫైలు నెత్తిన మాట చేర్చి ఒక్కసారి నడుపు. రెండు నిమిషాలు పడుతుంది. నీ కళ్ళతో చూశాక ఎవరితోనైనా మాట్లాడు."

లైన్లోనే ఉంచింది. కీబోర్డు చప్పుడు ఆగింది. తర్వాత, ఎవరితోనో చాలా నెమ్మదిగా, "డైరెక్టర్‌గార్ని పిలవండి, పరిగెత్తండి," అంది.

ఆ తర్వాత ముప్పై నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను. నా ఫోను బల్ల మీద ఏడుసార్లు మోగింది. ఏడుసార్లూ మా ఆయనే. ఎత్తలేదు. మాట్లాడ్డం మానేసే మనిషి ఏడుసార్లు పిలుస్తున్నాడంటే ఇది పదకొండు రోజులతో పోయేది కాదు. ఎనిమిదోసారి మోగింది మాత్రం కంట్రోల్ రూము నుంచి.

"పంపాం మేడం. మూడూ నలభై ఒకటికి అందుకున్నట్టు జవాబిచ్చింది. నాలుగున్నరకి జరుగుతుంది." ఆ అమ్మాయి గొంతులో ఏడుపుంది.

నేల మీద కూలబడ్డాను. ఏడవలేదు, ఏడుపుకి కూడా ఓపిక లేదు. ఉంటానని చెప్పి పెట్టేయబోతుంటే, "ఒక్క నిమిషం మేడం, రిపోర్టులో రెండు గళ్ళు మిగిలాయి," అంది. "ఈ పొరపాటు మొదట ఎప్పుడు గమనించారు, ముందుగా ఎవరికి తెలియజేశారు. ఇప్పుడే గమనించారు, మాకే చెప్పారు, అంతేగా. అలా రాసేయనా?"

రాసెయ్యి అనాలి. నాలిక మీద ఉంది ఆ మాట. అత్తయ్య గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. మూత లేని కన్ను నా మీదే ఉంది. ఆవిడ దండం పెడతానన్న చేతులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇంకో రెండు గంటల్లో మా ఆయన గేటు తీసుకుని లోపలికి వస్తాడు, ఆ తర్వాత ఈ ఇంట్లో నాకు చోటుంటుందో లేదో తెలియదు. భయం పోయిందంటే అబద్ధం. పొద్దున్నుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కానీ పదకొండేళ్ళుగా నా పని ఒక్కటే, ఒక సంగతి నిజంగా ఎప్పుడు జరిగిందో అది రాయడం. ఒక్క సెకను అటూ ఇటూ అయితే నిద్రపట్టని దాన్ని, ఇక్కడ రెండున్నర గంటలు మింగెయ్యమంటున్నారు.

"మేడం, ఉన్నారా?"

"ఉన్నాను. ముందు నాది రాయి," అన్నాను. "టైము చెప్పని ఫైల్ని మామూలు టైము కింద చదివే లైను మార్చింది నేను. గమనించింది పన్నెండున్నరకి. పన్నెండు నలభై మూడుకి మా ఆయనకి ఫోన్లో చెప్పాను. ఒంటిగంట యాభై దాటాక రుజువు పంపాను, చూశాడు. రెండూ ఇరవైకి మళ్ళీ చెప్పాను."

గుమ్మంలో అత్తయ్య కదల్లేదు.

"రెండుసార్లూ ఎవరికీ చెప్పొద్దనే అన్నాడు. అది కూడా రాయి."